మొద్దుబారిన చెంప

జాబు మేళాలో మూడు టేబుళ్లు తిరిగినా.
సెల్‌ఫోన్ కంపెనీ వాళ్లు ఇంగ్లీషడిగినారు,
సిమెంటు వాళ్లు ఐటీఐ అడిగినారు,
ఇంకొకాయన బండుందా అన్నాడు.
నాలుగో టేబుల్ దగ్గర ఫ్యాను తిరుగుతాండాది,
కూర్చున్నా.

ఎదురుగా ఉన్న మేడం నా డిగ్రీ కాగితం పక్కన పెట్టి
చేతులు చూపమంది.
జాతకం చెప్తుందేమో అనుకున్నా.
గోళ్లు చూసింది.
"మనిషిని ముట్టుకోడానికి రోత లేదు గదా?"

ఆ మాటకు మా నాయన గుర్తొచ్చినాడు.
కోడుమూరు బస్టాండు పక్కన డబ్బా అంగడి.
అద్దం ఎడమ మూల పాదరసం రాలిపోయి
కూర్చున్నోళ్లకు ఒక చెవి కనపడేది కాదు.
ఇస్కూలు విడిచినాక నేను కత్తెర పట్టుకుంటే
దువ్వెనతో వేళ్ల మీద కొట్టేవాడు.
"నువ్వు ఎవురి గదవ కిందా చెయ్యి పెట్టొద్దురా."
అందుకే బీకాం.
అందుకే కర్నూల్లో ఆరేండ్లు
నాయనేం చేస్తాడంటే వ్యాపారమన్నా.

మూడు నెలలు నేర్పినారు,
నంద్యాల చెక్‌పోస్టు దాటినాక మేడ మీద గదిలో.
మనిషి పండుకోని ఉండంగానే కింద దుప్పటి మార్చడం,
గంజి తాపేటప్పుడు తల ఎంత ఎత్తాలనేది.
ప్లాస్టిక్ బొమ్మకు సిగ్గుండదు కాబట్టి
అన్నీ సులభంగానే వచ్చినాయి.
మద్దిలేటమ్మక్క వృద్ధాశ్రమానికి పోతానంది,
అక్కడ గదిస్తారు, గేటుంటాది,
తాగొచ్చిన మొగుడు లోపలికి రాలేడు.
షేకున్‌బీకి బ్యూటీ పార్లరు పెట్టాలని,
అందాకా ఇది.
చెవిటి పిల్లల బడిలో ఆయా పని ఆడోళ్లకేనా
అని ఏసుదాసు అడిగితే అందరూ నవ్వినారు.
వాడు నవ్వలే.
నేను జీతమెంతని అడిగినా, అంతే.

మొదటి డ్యూటీ సి.క్యాంపులో.
రిటైరైన సబ్ రిజిస్ట్రారు సారు,
ఎన్ని వందల ఎకరాలు చేతులు మారినాయో ఆయన సంతకంతో.
ఇప్పుడా చెయ్యి దిండు పక్కన
ఎవురో మర్చిపోయిన సంచి మాదిరి పడుండాది.
"పదకొండు దినాలాయ గడ్డం గీసి.
సెలూనబ్బాయి భయమని రావడంలే.
నీకొస్తాదా నాయనా?" అనింది పెద్దమ్మ.

"వచ్చు."
ఆరేండ్ల తర్వాత నా నోట్నుంచి ఆ మాట.

వరండాలోకొచ్చి ఫోన్ చేసినా.
అవతల కత్తెర ఆడతాంది.
"నాయనా, పక్షవాతమొచ్చినాయనకు గడ్డం గీయాల."
కత్తెర ఆగింది.
తిడతాడనుకున్నా.
శానాసేపటికి,
"ఏ పక్క?" అన్నాడు.
"కుడి."
"ఆ చెంప మొద్దుబారింటాది. తెగినా ఆయనకు తెల్దు.
నీ ఎడం బొటనేలు ఆడ పెట్టుకో.
ఆయన బదులు నువ్వు తెలుసుకోవాల.
నీళ్లు గోరెచ్చగా. ఎదురు గీయొద్దు."
ఎన్ని మంచాల పక్కన వంగి నేర్చుకున్నాడో ఇదంతా,
ఇంట్లో ఒక్కనాడూ అన్లే.

గీసినా.
బ్లేడు తగలంగానే ఎడమ చెంప ముడుచుకునింది.
కుడి చెంప ఊరికే ఉండిపోయింది,
నా బొటనేలు మాత్రం దాని తరఫున
రెండుసార్లు ఉలిక్కిపడింది.
గదవ కింద చెయ్యి పెట్టినా,
నాయన వద్దన్న చోటే.

అద్దం చూపిస్తే సారు చూసుకోలే.
బాగున్న చెయ్యి చాపి నా గదవ తడిమినాడు.
మూడు రోజుల గడ్డం నాది.
ముఖంలో సగం నవ్వింది.

రాత్రి నాయనే చేసినాడు.
"తెగిందా?"
"లే."
"ఊ."
ఇంకేం మాట్లాడలే, ఫోన్ కట్ చేయనూ లేదు.
గిరాకీ ఎవురో అడుగుతాండాడు
నీ కొడుకు యాడుండాడు, ఏం చేస్తాండాడని.
ఫోను చెవికి గట్టిగా ఆనించి నిలబడినా.
కత్తెర చప్పుడే వినపడింది,
ఎప్పటికంటే కొంచెం బిరబిరా.